కంట్రోల్ డిపోకి చేరిన షుగరు

ఇప్పలంక మండలంలో షుగరు జబ్బు ఆస్పత్రి చేతుల్లోంచి సరుకుల శాఖ చేతుల్లోకి వెళ్లిపోయిందంటే అందుకు ఎవరినీ తప్పు పట్టలేం. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. దాని మీద "విషయం: భోజనానంతర షుగర్ కంట్రోల్ - కట్టుదిట్టమైన అమలు - గురించి" అని ఉంది. జిల్లా కేంద్రంలో కాగితాలు పంచే గుమాస్తా విషయం వరకే చదువుతాడు. లోపల ఏముందో చదవడం ఆయన ఉద్యోగం కాదు. ఆయన పుట్టి పెరిగిన గోదావరి లంకల్లో కంట్రోల్ అనే మాటకు ఒకటే అర్థం. కంట్రోల్ బియ్యం, కంట్రోల్ కిరసనాయిలు, కంట్రోల్ డిపో. కాబట్టి షుగర్ కంట్రోల్ అంటే కంట్రోల్ పంచదార. కాగితం తిన్నగా సరుకుల శాఖకి వెళ్లింది.

ఇప్పలంకలో ఆ శాఖ అధికారి ముక్కామల పురుషోత్తంగారు. సర్వీసంతా నిల్వలు, కొరతలు, తనిఖీల మధ్య గడిపిన మనిషి. ఆయన ఉత్తర్వును రెండుసార్లు చదివారు. భోజనం చేసిన రెండు గంటల తరువాత షుగరు నూట ఎనభై దాటరాదట. డెబ్బైకి తగ్గరాదట. ఇంత స్పష్టంగా నిల్వ పరిమితి చెప్పిన ఉత్తర్వు ఆయన ఎన్నడూ చూడలేదు. కళ్లు చెమర్చాయి కూడా.

"ఇది ఆస్పత్రి వాళ్ల కాగితమేమోనండీ" అని కింది ఉద్యోగి నసిగాడు.

"వచ్చిన కాగితాన్ని మనది కాదని వెనక్కి పంపామనుకో, మన పరిధి మనకే తెలియదని లిఖితపూర్వకంగా ఒప్పుకున్నట్టే కదటయ్యా!" అన్నారు పురుషోత్తంగారు. "తక్షణమే అమలులో పెట్టండి."

ఆస్పత్రిలో ఉన్న షుగరు మిషన్లు, సూదులు, పట్టీలు సాయంత్రానికల్లా కంట్రోల్ డిపోకి చేరిపోయాయి. ఆస్పత్రి పైఅధికారులు అడ్డు చెప్పలేదు సరికదా, ఆటో కిరాయి కూడా వాళ్లే ఇచ్చారు. ఒక పని తగ్గుతుందంటే ఎవరికి చేదు?

చేదు అయింది వీరవేణికి.

వీరవేణి డిపో వెనక వీధిలో జాకెట్లు కుడుతుంది. నోరు పెద్దది, చెయ్యి నాణ్యమైనది. ఆమె కుట్టిన జాకెట్టు వేసుకుంటే ఎలాంటి మనిషైనా కాస్త నిటారుగా నడుస్తుందని పేరు. నాలుగేళ్లుగా ఆమెకు షుగరు. మొదట్లో కళ్లు మసకలు కమ్మి సూదిలో దారం ఎక్కేది కాదు. ఆస్పత్రి డాక్టరు సునయన ఆమెను కూర్చోబెట్టి ఓపిగ్గా నేర్పింది. తీపి ఒక్కటే షుగరు కాదనీ, అన్నమూ ఇడ్లీ చపాతీ కూడా కడుపులోకి వెళ్లాక షుగరే అవుతాయనీ, కాబట్టి కంచంలో పిండిపదార్థం ఎంతుందో ముందు లెక్క చూసుకోవాలనీ చెప్పింది. లెక్కకి తగ్గట్టు ఇన్సులిన్ సూది. సూదికి తగ్గట్టు తిండి.

"ఒకసారి సూది వేసుకున్నాక ఆ లెక్క తిండి తినే తీరాలమ్మా. తినకపోతే షుగరు పడిపోతుంది. పెరిగితే నెమ్మదిగా చంపుతుంది, పడిపోతే ఆ పూటే ముప్పు" అంది డాక్టరు.

వీరవేణి పొద్దున్న మూడు ఇడ్లీలకి సూది వేసుకునేది, మూడు ఇడ్లీలు తినేది. నాలుగోది ఎవరు పెట్టబోయినా చెయ్యి అడ్డం పెట్టేది. సూదిలో దారం మళ్లీ ఎక్కింది.

ఇక మొగుడు సూర్రావు. కొబ్బరికాయల వ్యాపారం చేసి చేసి మానేసి ఇంటిపట్టున ఉంటున్నాడు. ఆయనకీ షుగరే, ఆయన మాత్ర వేసుకునేవాడు. షుగరు వచ్చిందని తెలిసిన రోజే అన్నం మానేశానని ఊరంతా చెప్పుకున్నాడు. మాట తప్పలేదు. అన్నానికి బదులు రాత్రిపూట ఎనిమిది పుల్కాలు తినేవాడు. శనివారం ఒక్కపొద్దు. ఒక్కపొద్దు కాబట్టి ఉప్మా, పెసరట్టు, పైన అరటిపళ్లు. "భోజనం ముట్టుకుంటే ఒట్టు" అనేవాడు. భోజనం అంటే తెలుగువాడికి అన్నమే గదా! మిగిలినదంతా ఏదో నోట్లో వేసుకోవడం.

కంట్రోల్ డిపోలో షుగరు లెక్క మొదలైన రోజు వరస వీధి చివరిదాకా పోయింది. డీలరు గంగరాజు కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ముందు వేలు గుచ్చి రక్తం చుక్క తీశాడు. తరువాత ఆ వేలినే కార్డు ముద్రల యంత్రం మీద పెట్టమన్నాడు. గుచ్చిన వేలు ముద్ర పడలేదు. ముద్ర పడకపోతే మనిషి ఆ మనిషి కాదు. మనిషి ఆ మనిషి కాకపోతే రక్తమూ ఆ మనిషిది కాదు. మధ్యాహ్నందాకా ఇప్పలంకలో ఒక్కరి షుగరూ ఎవరిదీ కాలేదు. చివరికి పురుషోత్తంగారే వచ్చి, ముద్రకి బొటనవేలు, రక్తానికి ఉంగరంవేలు అని ఉత్తర్వు జారీ చేస్తే గానీ వరస కదలలేదు.

సూర్రావు వంతు వచ్చింది. మిషను రెండువందల తొంభై చూపించింది.

పురుషోత్తంగారు కళ్లజోడు సవరించుకున్నారు. "పరిమితి నూట ఎనభై. మీ వద్ద అదనంగా నూట పది ఉంది. ఇది అక్రమ నిల్వ కిందికి వస్తుంది. ఎక్కడ నుంచి సేకరించారు? బిల్లులు ఉన్నాయా?"

"బిల్లులేంటండి బాబూ? ఇంట్లో తిన్నదేనండి."

"నిల్వ ఎక్కడ ఉంచారు?"

"ఒంట్లోనండి, ఆయ్!"

పురుషోత్తంగారు ఆలోచనలో పడ్డారు. అక్రమ నిల్వ ఉన్న గోదాముకి సీలు వెయ్యాలి. మనిషికి సీలు వెయ్యడానికి నిబంధనలలో వీలు కనిపించలేదు. వేసినా భోజనం మాట ఎలా ఉన్నా శ్వాసకి ఇబ్బంది. అందుచేత సూర్రావు ఒంటిని ఉన్నచోటనే ఉంచుతూ, దానిని అమ్మడం గానీ బదిలీ చెయ్యడం గానీ చేయరాదని సూర్రావు చేతనే హామీ రాయించుకుని వదిలిపెట్టారు.

తరువాత వీరవేణి. నూట నలభై.

"భేష్" అన్నారు పురుషోత్తంగారు. ఇద్దరి అంకెలూ యంత్రంలో ఎక్కించబోయి ఆగారు. యంత్రంలో కార్డుకి ఒకటే గడి ఉంది. బియ్యం ఎక్కించినా, కందిపప్పు ఎక్కించినా కార్డుకి ఒకే అంకె. ప్రభుత్వానికి మనిషి తెలియడు, కార్డు తెలుసు. రెండు అంకెలు ఒక గడిలో పట్టవు కాబట్టి ఆయన రెండూ కలిపి సగం చేశారు. రెండువందల పదిహేను.

"కుటుంబం పరిమితి దాటింది" అన్నారు బాధగా. "వచ్చే తనిఖీలోగా నూట ఎనభై లోపుకి రాకపోతే కార్డు నిలుపుదల. బియ్యం ఆగిపోతాయి."

"నా షుగరు బాగానే ఉంది గదండీ?" అంది వీరవేణి.

"వ్యక్తిగతంగా బాగుండటం మా పరిధిలోకి రాదమ్మా. కుటుంబమన్నాక సర్దుబాటు చేసుకోవాలి."

సర్దుబాటు! ఈ మాట లెక్కల్లో ఒకటి, కాపురంలో ఒకటి. పురుషోత్తంగారు లెక్కల మాటగా అన్నారు. వరసలో ఉన్న ఆడవాళ్లంతా కాపురం మాటగా విన్నారు. పుట్టింటి నుంచి సాగనంపేటప్పుడు చెవిలో ఊదిన మాటే గదా అది!

ఇంటికి వచ్చాక సూర్రావు అరుగు మీద కూలబడ్డాడు. "కార్డు పోతే పరువేం కానే? ఊళ్లో తలెత్తుకోలేం."

"నువ్వు పుల్కాలు తగ్గించు మావా. నాలుగు మానెయ్. దానంతటదే దిగుద్ది."

"అన్నం మానేసేను గదే! ఇంకా ఏం మానమంటావ్? నోరు కట్టుకుని ఎన్నాళ్లు బతుకుతాను?" అని సూర్రావు గొంతు పెద్దది చేశాడు. కాసేపయ్యాక బతిమాలే గొంతుతో అన్నాడు. "నీకు తగ్గించుకోవడం చేతనవును గదా. నువ్వే ఓ ఇడ్లీ మానరాదూ? ఇద్దరిదీ ఒకటే గదే లెక్క."

వీరవేణి ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందంటే ఏం చెప్పగలం? బియ్యం ఆగిపోతాయన్న భయం కొంత. మొగుడితో రోజూ వాదించే ఓపిక లేకపోవడం కొంత. మిగిలింది అలవాటు. సూది మూడు ఇడ్లీలకి వేసుకుంది, ఇడ్లీలు ఒకటే తింది. రెండు గంటలు తిరిగేసరికి ఒళ్లంతా చెమట పట్టి, చేతులు వణికి, చేతిలోని జాకెట్టుకి మెడ ఉండవలసిన చోట చంక కుట్టింది.

తనిఖీలో సూర్రావు రెండువందల తొంభై, వీరవేణి అరవై. కలిపి సగం చేస్తే నూట డెబ్బై అయిదు.

"ఆదర్శ కుటుంబం!" అని పురుషోత్తంగారు స్వయంగా చప్పట్లు కొట్టారు. సూర్రావు మెడలో దండ వేశారు. ఆయన వంగి వంగి అందరికీ దణ్ణాలు పెట్టాడు. వీరవేణి గోడకి ఆనుకుని నిలబడింది. ఆమెకి ఆ చప్పట్లు ఎక్కడో ఏటి అవతల నుంచి వినిపిస్తున్నాయి.

డాక్టరు సునయన డిపోకి పరిగెత్తుకొచ్చింది. "మనుషుల రక్తాన్ని సగటు కట్టడం ఏమిటండీ? ఈమెకి షుగరు పడిపోతోంది. స్పృహ తప్పితే ఎవరిది బాధ్యత?"

పురుషోత్తంగారు మర్యాదగానే జవాబిచ్చారు. "డాక్టరుగారూ, మీరు వైద్యంలో నిపుణులు. నిల్వల విషయంలో మీ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే పరిగణనలోకి తీసుకోలేకపోతున్నందుకు చింతిస్తున్నాను. కార్డులో కొరత లేదు."

"కార్డులో లేదు, మనిషిలో ఉంది!"

"మనిషిలో ఉన్నదానికి కేటాయింపు రాదండి."

ఆ కిటుకు ఊరంతా పాకింది. షుగరున్న ఇల్లల్లా సర్దుబాటు మొదలుపెట్టింది. ఏ ఇంట్లో ఎవరు సర్దుకున్నారో వేరే చెప్పాలా? మగవాళ్లు ఆదివారం మాంసం కూరలో గారెలు ముంచుకుని తింటుంటే, ఆడవాళ్లు పక్కన కూర్చుని వాళ్ల గారెలకి సరిపడా పస్తులు ఉన్నారు. ఇప్పలంక వీధుల్లో పొద్దున్న పదకొండు దాటితే ఆడవాళ్లు గోడలు పట్టుకుని నడిచేవారు. మండలం సగటు మాత్రం ముత్యంలా నిలబడింది. జిల్లాలో మొదటి స్థానం. డీలరు గంగరాజు ఈ గొప్పంతా తనదేనని చాటుకున్నాడు. "మా డిపో తూకం వల్లేనండి. కేజీ అని చెప్పి ముప్పావు పోత్తే షుగరు తగ్గక ఏం చేద్దండి?" అనేవాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

మొదటి స్థానం చూసి వెళ్లడానికి పై అధికారులు వస్తున్నారని, ఆ రోజుకి ఒక్క కార్డు కూడా పరిమితి దాటకూడదని దండోరా వేశారు. సూర్రావు ముందురాత్రి పక్కవీధి పెళ్లికి వెళ్లాడు. అన్నం ముట్టుకోలేదు. పొద్దున్నే వీరవేణి ఆయన మొహం చూసింది, ఏం తిన్నాడని అడగలేదు. సూది వేసుకుంది. ఇడ్లీ ముట్టుకోకుండా డిపోకి బయలుదేరింది.

వరసలో ఆయన మూడువందలు. ఆమె యాభై రెండు. యంత్రం నూట డెబ్బై ఆరు అని పలికింది. పురుషోత్తంగారు చిరునవ్వు నవ్వారు. వీరవేణి డిపో మెట్ల మీద కూలిపోయింది.

కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. జాకెట్టు చెమటతో ముద్దయింది. "పంచదార... పంచదార పెట్టండి" అంది.

గంగరాజు వెనకాల అయిదు బస్తాల పంచదార ఉంది. అతను లేచాడు, యంత్రం చూశాడు, మళ్లీ కూర్చున్నాడు. "పెట్టడానికి నాకేం అడ్డమండీ? కానీ ఆవిడ కార్డులో కొరత చూపించట్లేదండి. కొరత లేకుండా బస్తా విప్పితే నా డీలరుషిప్పు పోద్దండి."

"కొరత దరఖాస్తు పెట్టుకుంటే వచ్చే నెల కేటాయింపులో పరిశీలించవచ్చు" అన్నారు పురుషోత్తంగారు. ఆ మాట ఆయన నిజంగా జాలిపడే అన్నారు.

సూర్రావు పెళ్లాం పక్కన కూర్చున్నాడు. ఆయన చెయ్యి తనకి తెలియకుండానే రొంటికి పోయింది. రొంటిలో పొట్లం ఉంది. పొట్లంలో పెళ్లివారింట తెచ్చుకున్న గొట్టంకాజాలు రెండు, పాకంతో నిండుగా ఉన్నాయి. తీస్తే ఊరంతా చూస్తుంది. అక్రమ నిల్వ అందరి ముందూ బయటపడుతుంది. సూర్రావు ఒక్క క్షణం ఆగాడు. చాలా చిన్న క్షణం. వీరవేణి కళ్లు ఆ చేతినే చూస్తున్నాయి.

తీశాడు. తీసి, ఒక కాజాని సగానికి తుంపి సగం ఆమె నోట్లో పెట్టాడు.

ఆమె నమిలింది. మింగింది. నోరు తెరిచే ఉంచింది. మిగిలిన సగమూ పెట్టాడు. రెండో కాజా వైపు ఆయన చూస్తుండగానే వీరవేణి వణికే చేత్తో అదీ లాక్కుంది. వరసలోంచి ఎవరో ఆడమనిషి ఇంటికి పరిగెత్తి గ్లాసెడు పంచదార నీళ్లు తెచ్చింది. కాసేపటికి వీరవేణి మొహంలోకి రంగు వచ్చింది.

పై అధికారులు అప్పుడే దిగారు. పురుషోత్తంగారు జరిగినదంతా ఒక్క వాక్యంలో విన్నవించారు. "ఒకే కార్డు పరిధిలో భర్త వద్ద గల అదనపు నిల్వ నుంచి భార్య కొరతకు ఎటువంటి రవాణా ఖర్చూ లేకుండా బదిలీ జరిగింది సార్." పై అధికారులు తలలు ఊపారు. రాష్ట్రమంతా ఈ పద్ధతినే పెట్టాలని ఒకాయన అన్నాడు.

వీరవేణి గోడ పట్టుకుని లేచింది.

"నాకు వేరే కార్డు కావాలండి" అంది.

"దేనికమ్మా?"

"నా షుగరు నాది, ఆయన షుగరు ఆయనది. నా పేరు మీద నా అంకె ఒక్కటే రాయండి."

పురుషోత్తంగారు నిబంధనలు నోటికి వచ్చిన మనిషి. "భార్యాభర్తల కార్డు విడగొట్టాలంటే విడాకులైనా ఉండాలి, వేరు కుంపటైనా ఉండాలి. రెండూ లేనప్పుడు వీలు పడదు."

"విడాకులెందుకండీ, పాపం! కుంపటి పెట్టుకుంటాను."

అని ఊరుకోలేదు. ఆ సాయంత్రమే పెరటి వసారాలో కుంపటి రాజేసింది. తన ఇడ్లీపాత్ర, తన గిన్నె, తన కంచం అక్కడికి చేర్చింది. వేరు కుంపటి పెట్టడమంటే తెలుగునాట తగువులాడి చీలిపోవడం. వీరవేణి తగువేమీ ఆడలేదు. సూర్రావుకి మామూలుగానే మంచినీళ్లు ఇచ్చింది, మంచం వాల్చింది. పుల్కాల పిండి ఆయన ముందు పెట్టి, "నీకెన్ని కావాలో నువ్వే చేసుకో మావా. నేను వద్దన్ను" అంది. తనిఖీకి వచ్చిన ఉద్యోగి కుంపటిని అన్ని వైపుల నుంచీ చూసి, నిప్పు నిజమేనని వేలు కాల్చుకుని తెలుసుకుని, కార్డు విడగొట్టడానికి సిఫారసు చేశాడు.

మర్నాటికి వీధిలో మరో మూడు కుంపట్లు లేచాయి. ఆ వారం తిరగకుండా ఇప్పలంకలో ఏ వసారా చూసినా పొగే. ఏ ఆడదాన్ని అడిగినా "మా ఇంటాయనతో గొడవేం లేదండి, షుగరు వేరు పడ్డాం అంతే" అనేది. మగవాళ్లు పిండి పిసకలేక, పుల్కాలు మాడ్చుకుని, రెండింటితోనే కడుపు నింపుకోవలసి వచ్చింది. కొందరు ఆ దెబ్బకే దారిలో పడ్డారు. పడనివాళ్లు హోటళ్ల మీద పడ్డారు.

కార్డుల్లో మండలం పరువు పోయింది. ఆడవాళ్ల కార్డులన్నీ పరిమితిలో, మగవాళ్ల కార్డులు చాలావరకు అక్రమ నిల్వలో తేలాయి. పురుషోత్తంగారు రెండు రోజులు భోజనం మానేశారు. మూడో రోజు లేచి నివేదిక రాశారు. "షుగర్ కంట్రోల్ అమలు ఫలితంగా మండలంలో కుటుంబాల సంఖ్య గణనీయంగా వృద్ధి చెందినది." ఆ నివేదికకి ఆయనకు పదోన్నతి వచ్చింది. అది వేరే సంగతి.

సూర్రావు కొత్త కార్డు పట్టుకుని డిపోకి ఒక్కడే వెళ్లాడు. పుల్కాలు తనే చేసుకుంటున్నాడు గనక ఈసారి బాగా తగ్గి ఉంటుందని ధీమా. హోటల్లో తిన్నవి లెక్కలోకి తీసుకోలేదు, అవి బయట తిన్నవి గదా. గంగరాజు వేలు గుచ్చి, చీటీ చేతిలో పెట్టాడు.

ఆ చీటీ తీసుకుని పెరటి వసారాలోకి వచ్చాడు. వీరవేణి కుంపటి ముందు కూర్చుని జాకెట్టుకి గుండీలు కుడుతోంది. సూదిలో దారం మొదటిసారికే ఎక్కించుకుంది.

"ఇది చూడవే. మూడొందల ఆరు రాసేడు. గంగరాజు మిషను పాడైపోయిందంటావా?"

"పాడవలేదు మావా."

"మరి మనింట్లో ఆ మొదటిసారి తప్ప నూట ఎనభై దాటలేదు గదే?"

"మనింట్లో దాటలేదు. నీకు దాటింది."

సూర్రావు చీటీని వెలుతురుకి తిప్పి చూశాడు. పైన ఆయన పేరు ఒక్కటే ఉంది. పక్కన ఇంకెవరి పేరూ లేదు. ముప్పై ఏళ్ల కాపురంలో తన అంకె కాగితం మీద ఒంటరిగా కనిపించడం ఆయనకి ఇదే మొదలు. కాళ్లలో తిమ్మిర్లు, రాత్రుళ్లు దాహం, మానని బొటనవేలి పుండు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. భయం వేసింది.

"ఇదంతా నాదేనా?" అన్నాడు గొంతు తగ్గించి.

వీరవేణి దారం కొరికి, తలెత్తి ఆయన్ని చూసింది. కోపం లేదు ఆ చూపులో. జాలి ఉంది, కానీ అందులో సర్దుబాటు లేదు.

"నీదే మావా. ఇన్నాళ్లూ సగం నా ఒంటి మీద రాసేరు."